పొద్దుటి ఆట, అర్ధరాత్రి దారి

1988వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన విశాఖపట్టణమునందలి ఇందిరా ప్రియదర్శినీ క్రీడాంగణమున భారతదేశమునకును న్యూజీలాండునకును జరిగిన ఒకదినపు క్రికెట్టు పోటీ, ఆ మైదానము చూచిన మొదటి అంతర్జాతీయ పోటీ యగుటచేత, విజయనగర శ్రీకాకుళ మండలములవారు చిరకాలము కథగా చెప్పుకొనదగిన సంఘటన యయ్యెను. బ్యాటు ఝళిపించుటకే గాని బంతి వేయుటకు పేరులేని కృష్ణమాచారి శ్రీకాంత్ ఆ దినమున 70 పరుగులు చేయుటయేగాక ఐదు వికెట్లుకూడ పడగొట్టి చూపరులను నివ్వెరపరచెను. అయితే మన ప్రస్తావనకు శ్రీకాంత్‌కన్న సూర్యుడు ముఖ్యుడు. మైదానమున ఫ్లడ్‌లైట్లు లేవు. డిసెంబరు మాసమున మన తీరమందు అయిదున్నర కాకమునుపే పొద్దు క్రుంకును గనుక, ఉదయమున మొదలైన ఆట సాయంకాలములోపల ముగియక తప్పదు. ఆటకు వేళ నిర్ణయించు అధికారము ఏ సంఘమునకును ఏ సంస్థకును గాక పంచాంగమునకే యుండెను.

ఆ కాలమున డే మ్యాచికి పోవుట సుఖప్రయాణ మనరాదు. శ్రీకాకుళము రోడ్డు అను పేరుగల రైలుస్టేషను శ్రీకాకుళమున లేదు. పన్నెండు కిలోమీటర్ల దూరమున ఆమదాలవలసలో నున్నది. ముందునాటి రాత్రియే అచట రైలెక్కి విశాఖలోని చుట్టముల యింట తలదాచుకొనువారును, కోడికూతవేళ కాంప్లెక్సుకు చేరి మొదటి బస్సు పట్టుకొనువారును, పులిహోర పొట్లము చంకనిడుకొని ఎనిమిదింటికే గ్యాలరీ మెట్లపై చోటు చూచుకొనవలసి యుండెడిది. కాని పోవునపుడు పడు కష్టము వేరు, తిరిగివచ్చునపుడు పడు కష్టము వేరు. మొదటిదానియందు ఉత్సాహమే బలము; రెండవదానికి ఏ బలమును లేదు. డే మ్యాచి ముగియునప్పటికి బస్సులుండెను, రైళ్లుండెను, టీకొట్లు తెరచియుండెను. రాత్రి భోజనమునకు ఇల్లు చేరినవాడు ఆట ముచ్చట ఇంటిల్లిపాదికిని చెప్పి నిద్రపోవుటకు వీలుండెను.

ఈ మండలములవారికి క్రికెట్టుపై మక్కువ నిన్నమొన్నటిది గాదు. 1930–31లో ఇంగ్లండునుండి హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి మేటి ఆటగాండ్రను రప్పించి తన జట్టులో ఆడించినవారు విజయనగర రాజకుమారులు ‘విజ్జీ’. 1936లో ఇంగ్లండునకు పోయిన భారతజట్టునకు నాయకుడును ఆయనయే. ఆ నాయకత్వమును గూర్చిన రచ్చలు మనకిప్పుడు వలదు. మనకు కావలసినది వేఱొక ముచ్చట: ఆయన తరువాతి కాలమున రేడియో వ్యాఖ్యాతగాకూడ పేరు వడసెను. మైదానమునకు రాలేనివానికి ఆటను ఇంటికి చేరవేయు విద్యలో విజయనగరమునకును ఇంచుక పాలు కలదన్న మాట.

1996 ప్రపంచకప్పు నాటికి కాలము రెండుగా చీలిపోవుట స్పష్టముగా కనిపించెను. ఆ ఫిబ్రవరి 23న ఆస్ట్రేలియా, కెన్యా జట్లు విశాఖయందు పగటిపూట ఆడగా మార్క్ వా 130 పరుగులు చేసెను. నాలుగు దినముల పిదప అదే ఆస్ట్రేలియా భారతముతో ముంబయి వాంఖడే మైదానమున, అచట మొదటిసారిగా వెలిగించిన దీపములక్రింద, రాత్రివేళ తలపడెను. ఆ పోటీల ప్రసారహక్కులను మార్క్ మస్కరెన్యాస్ స్థాపించిన వరల్డ్‌టెల్ సంస్థ కొని యుండెను. దేశమంతయు చూడగోరు ఆట రాత్రికి జరిగెను. అంతగా చూడనక్కరలేని ఆట పగలు మిగిలెను. మనకు దక్కినది మిగిలిన పగలు.

ఈ మార్పునకు బీజము ఆస్ట్రేలియాలో పడెను. 1977లో కెర్రీ ప్యాకర్ అను టెలివిజను యజమాని, ప్రసారహక్కులు తనకు దక్కలేదన్న పట్టుదలతో, ఆటగాండ్రనే కొని రాత్రి దీపములక్రింద ఆడించెను. 1984 సెప్టెంబరు 28న ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియమున మనదేశపు మొదటి డే నైట్ పోటీ జరిగెను. 1993 హీరోకప్పు ప్రసారములపై బెంగాలు క్రికెట్టు సంఘమునకును ప్రభుత్వమునకును వచ్చిన తగవు సుప్రీంకోర్టు కెక్కి, 1995 ఫిబ్రవరి 9న తీర్పు వెలువడెను. ఆ ధర్మాసనమున మన తెలుగువాడైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డిగారును ఉండిరి. ఆకాశతరంగములు ప్రజల సొత్తని న్యాయమూర్తులు తేల్చిచెప్పిరి. తరంగములు ప్రజలవైనవి గాని, ఆ తరంగములపై నడచు గంటలు ఎవరివను ప్రశ్న ఆ వ్యాజ్యమున లేదు. దానికి సమాధానము తరువాతి యేండ్లలో వేలముపాట చెప్పెను. 2023 మొదలు 2027 వరకు ఐదేండ్ల ఐపీఎల్ ప్రసారహక్కులు 48,390 కోట్ల రూపాయలకు పోయినవి. అంత ధనము పోసి కొన్నవాడు కొన్నది ఆటను మాత్రమే కాదు. జనులు పనులు ముగించి కూడుదినుచు తెరయెదుట కూర్చుండు రాత్రివేళనుకూడ కొనెను. ఆ వేళయందు సందు చిక్కినచోటనెల్ల ప్రకటన చొప్పింపవలయును గనుక, ఇన్నింగ్సుకు రెండు చొప్పున రెండున్నర నిమిషముల విరామములు నాలుగు ఏర్పడినవి. మొత్తము పది నిమిషములు. ఇంటి సోఫాపై కూర్చున్నవానికి పది నిమిషములు లెక్కలోనివి కావు; కడపటి బస్సును మనసున నిడుకొని కూర్చున్నవానికి అవియే ప్రాణము.

ఇక మన స్టేడియము సంగతి. విశాఖకు ఉత్తరమున మధురవాడచెంత పోతినమల్లయ్యపాలెమున కొత్త క్రీడాంగణము వెలసినప్పుడు ఉత్తరాంధ్రవాసులు సంతసించుట సహజమే. అది నగరమునకు మనవైపున, జాతీయరహదారి ప్రక్కనే యున్నది. ఆనందపురము, తగరపువలస దాటి విజయనగరమునకు పోవువానికిని, భోగాపురము, రణస్థలము, ఎచ్చెర్లల మీదుగా శ్రీకాకుళమునకు సుమారు నూరు కిలోమీటర్లు పోవువానికిని నగరమున చొరబడు బెడద తప్పినది. 2005 ఏప్రిల్ 5న అచట జరిగిన మొదటి ఒకదినపు పోటీలో, పాకిస్థానుపై మహేంద్రసింగ్ ధోని 148 పరుగులు చేయుట చూచినవారు ఆ దినమును నేటికిని మరువరు. అది మంగళవారము, సెలవు పెట్టినవారెందరో, చెప్పకయే బడి మానినవారెందరో! కాని అదియు డే మ్యాచియే. ఆట ముగిసి జనము రోడ్డెక్కునప్పటికి పొద్దింకను వాలలేదు.

అదే మైదానమున 2018 అక్టోబరు 24, బుధవారము. వెస్టిండీసుతో ఆట మధ్యాహ్నము ఒకటిన్నరకు మొదలై రాత్రి ముగిసెను. విరాట్ కోహ్లీ పదివేల పరుగుల మైలురాయి దాటి 157తో అజేయుడై నిలువగా, షై హోప్ 123తో బదులిచ్చి, కడపటి బంతికి ఫోరు కొట్టి ఆటను 321 వద్ద సమము గావించెను. అట్టి కడపటి బంతిని కన్నులార చూచినవారు ధన్యులే. కాని చూడక వెడలినవారును తక్కువగా లేరు. రాత్రిపోటీలలో తుది ఓవర్లవేళ గ్యాలరీలను గమనించినవారికి ఈ దృశ్యము పరిచితమే: ఒక కన్ను స్కోరుబోర్డుపైనను, ఒక కన్ను చేతిలోని ఫోనుగడియారముపైనను నిలిపి, తోడివాని భుజము తట్టి, ఇద్దరు ముగ్గురు చొప్పున లేచి, మెట్లుదిగుచు ప్రతి మెట్టుపైనను ఒకమారు వెనుదిరిగి చూచుచు పోవువారు. వెనుక కేకలు మిన్నుముట్టగా, ఏమైనదో తెలియక, కార్‌షెడ్ కూడలివద్ద నిలిచి ఫోనులో చూచుకొందురు. మైదానమునకు వచ్చినవాడు మైదానము వెలుపల ఫోను చూచి ఫలితము తెలిసికొనుట! స్టేడియమునుండి రైలుస్టేషను మనకు వ్యతిరేకదిశయందు నగరమధ్యమున నున్నది గనుక రైలు అక్కరకు రాదు. మ్యాచినాడు భారీవాహనములను ఆనందపురమునుండి పెందుర్తివైపు మళ్లించు ఏర్పాటొకటి యుండుటచే, ఆ రాత్రి రోడ్డుప్రక్క నిలిచి ఏ లారీనో ఆపి ఎక్కుటయు దుర్లభమే.

ఇరువది ఓవర్ల ఆట వచ్చి నిడివి తగ్గించెను గాని వేళ తగ్గింపలేదు, ఇంకను పెంచెను. 2025 మార్చి 24, సోమవారము, ఢిల్లీ జట్టు ఈ మైదానమునే సొంతగడ్డగా జేసికొని లక్నోతో రాత్రి ఏడున్నరకు ఆడినది. అశుతోష్ శర్మ చివరి ఓవరున సిక్సరు కొట్టి గెలిపించునప్పటికి పదకొండు దాటినది. పైడిభీమవరము మందుల ఫ్యాక్టరీలో తెల్లవారి షిఫ్టునకు పోవలసినవాడు ఆ రాత్రి ఎన్నిగంటలు కన్నుమూసి యుండునో ఊహింపవచ్చును.

ఇచట భూగోళపు చమత్కారమొకటి కలదు. భారతదేశపు గడియారములన్నియు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నడచును; ఆ రేఖ మన కాకినాడ ప్రాంతముగుండా పోవుచున్నది. శ్రీకాకుళమునకు అది మిక్కిలి దూరము కాదు గనుక మన గడియారము మన సూర్యునితో ఇంచుమించుగా ఏకీభవించును. ముంబయికి సూర్యుడు మనకన్న సుమారు నలువది నిమిషములు ఆలస్యముగా దిగును. అచటి ప్రసారకర్తలు ఎనిమిదింటిని సాయంకాలమని తలంచుట వారి నింగిని బట్టి తప్పుకాదు. మనకు మాత్రము అప్పటికే రాత్రి ముదిరి, సంతపేటలలో దుకాణములు తలుపులు వేసికొనుచుండును.

రాత్రియాటకు మంచిగుణములు లేవని నా వాదముగాదు. 2025 మార్చి 30, ఆదివారమునాడు ఢిల్లీ, హైదరాబాదు జట్ల పోటీని మధ్యాహ్నము మూడున్నరకు పెట్టిరి. ఆ రాత్రి తెర వేఱొక పోటీకి కావలసి యుండెను. స్టార్క్ ఐదు వికెట్లు తీసిన ఆ ఆటను, మార్చి చివరి యెండలో, కప్పులేని గ్యాలరీలలో కూర్చున్నవారు నెత్తిన తువ్వాళ్లు కప్పుకొని చూచిరి. చీకటిపడునాటికి ఇల్లు చేరుదారి పట్టిరి గాని, వడదెబ్బతో చేరిరి. ఎండయైనను రాత్రియైనను, ఎన్నుకొనువారు మాత్రము వారు గారు. 2023 మార్చి 19న ఇదే స్టార్క్ ఆస్ట్రేలియా తరఫున ఐదుగురిని పడగొట్టగా భారతము 117కే కూలి, ఆస్ట్రేలియా పదకొండు ఓవర్లలో పని ముగించినప్పుడు, డే నైట్ టికెట్టు కొన్నవారందరును పొద్దుండగనే ఇంటిదారి పట్టుట తటస్థించెను. టీవీవారి షెడ్యూలును జయించి మనవారిని వేళకు ఇల్లుచేర్చినది అట్లు మన ఓటమియే.

కబడ్డీ కథయు నిదే. సంక్రాంతినాడు కల్లములలో పొద్దుగూకువరకు సాగిన చెడుగుడును టీవీ ఎత్తుకొని, మట్టిని మ్యాటుగా మార్చి, కూతకు ముప్పది సెకండ్ల గడువు పెట్టినది. 2014లో ప్రో కబడ్డీ పుట్టినప్పుడు తెలుగు టైటాన్స్‌కు విశాఖయే సొంతగడ్డ. 2025 ఆగస్టు 29న పండ్రెండవ సీజను విశాఖలోనే మొదలయ్యెను. (ఆ దినము గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, ఆ మహనీయుడు పుట్టిన సీమను గూర్చి ఇట్టి భాషలో వ్రాయుచున్నందుకు ఆయన యాత్మ మన్నించుగాక.) ఎనిమిదింటికొకటి, తొమ్మిదింటికొకటి ఆట. కబడ్డీకి ప్రాణముపెట్టు పల్లెలు నూరు కిలోమీటర్ల అవతల నున్నవి. రెండవ ఆట చూడదలచినవాడు నగరమున పడక చూచుకొని రావలెను.

ఈ పోరు మనకొక్కరికే గాదు. ఇంగ్లండులో 1960ల నాడే బర్న్‌లీ క్లబ్బు అధ్యక్షుడు బాబ్ లార్డ్ పట్టుబట్టుటచేత, శనివారము మధ్యాహ్నము మూడుగంటల ఫుట్‌బాలు పోటీలను ఆ దేశపు టీవీలో ప్రత్యక్షముగా చూపరాదను కట్టడి ఏర్పడి నేటికిని నిలిచియున్నది. అయినను టీవీకై ఆదివారములకు, సోమవారపు రాత్రులకు జరిపిన ఆటలవలన పరాయియూరి అభిమానికి తిరుగురైలు దొరకని ఫిర్యాదు అచటను కలదు. 1986 మెక్సికో ప్రపంచకప్పులో ఐరోపాలోని ప్రేక్షకుల రాత్రివేళకు సరిపడునట్లు మిట్టమధ్యాహ్నపు టెండలో ఆటగాండ్రనే మాడ్చిరి. జర్మనీ అభిమానులు మాత్రము ఊరకుండలేదు: 2018లో ఫ్రాంక్‌ఫర్టున సోమవారపు ఆటనాడు మైదానముపై టెన్నిసు బంతులు కురిపించిరి, 2021–22 నుండి బుండెస్‌లీగా సోమవారపు ఆటలను మానుకొన్నది. అచట అభిమానులకు సంఘములున్నవి, క్లబ్బులలో ఓటున్నది. మనవానికి ఉన్నది టికెట్టు మాత్రమే. పెండ్లిలో సన్నాయివానివలె, అతడు లేనిదే కళ రాదు. ముహూర్తమును గూర్చి మాత్రము అతని నెవ్వరును అడుగరు.

ముహూర్తమన్నంతనే విజయనగరపు పైడితల్లి సిరిమానోత్సవము తలపునకు వచ్చును. విజయదశమి తరువాతి మంగళవారము, మూడులాంతర్లనుండి కోటవరకు మానును ముమ్మారు త్రిప్పుదురు. దానినిప్పుడు టీవీలు ప్రత్యక్షముగా చూపుచున్నవి. కాని రాత్రి ఎనిమిదింటికి జరుపుడని అడుగు సాహసము ఏ ఛానలునకును కలుగలేదు. పల్లెల జనము బండ్లు కట్టుకొని వచ్చు వేళకే అమ్మ పండుగ. కెమెరావాడే ముందు వచ్చి నిలుచును.

పగటిపూట ఆట చూడవలెనన్న కోరిక నిజముగా నున్నచో అదియు విజయనగరముననే తీరును. డాక్టర్ పి.వి.జి.రాజు పేరిట వెలసిన క్రీడాసముదాయమున రంజీ పోటీలు జరుగుచున్నవి. ఉదయమున మొదలై, వెలుతురుండగనే ఆ నాటి ఆట ముగియును. ఊరిలోనివాడు ఆటోలో పోయి సాయంకాలపు కాఫీవేళకు ఇల్లు చేరవచ్చును. కాని అచట చూపరులు మిక్కిలి పలుచన. విశాఖకు పోయి అర్ధరాత్రి రోడ్డుపై నిలుచుటకు ఒప్పుకొన్నవారిలో పదవవంతైనను తమ యూరి యాటకు రారు. ఇందుకు టీవీవారి నొక్కరినే తప్పుపట్టుట నాకు న్యాయముగా తోచదు.