నల్లరేగడి నేలలో సెప్టిక్ టాంకు

భూగర్భ మురుగు కాలువలు లేని చోట, ఇంటి మరుగుదొడ్డి నుండి వచ్చే మురుగును ప్రాథమికంగా శుద్ధిచేసే, నీరు కారని మూసిన తొట్టిని సెప్టిక్ టాంకు అంటారు. నల్లరేగడి నేలలో తొట్టి కట్టడం కంటే, దాని నుండి వెలువడే నీటిని సురక్షితంగా వదలడం కష్టం. కర్నూలు, ప్రకాశం, గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతాలలో ఈ నేలలు విస్తారంగా ఉన్నాయి.

పనిచేసే విధానం

తొట్టిలో బరువైన మలినాలు మడ్డిగా అడుగుకు చేరుతాయి. నూనె, కొవ్వు పదార్థాలు తెట్టుగా తేలుతాయి. ప్రాణవాయువు అవసరం లేని బాక్టీరియా మడ్డిని కొంతవరకు విచ్ఛిన్నం చేస్తుంది. మధ్యనున్న నీరు బయటకు పోతుంది. ఈ నీరు తేటగా కనిపించినా అందులో రోగకారక క్రిములుంటాయి. అందువలన దీనికి రెండవ దశ శుద్ధి అవసరం. సాధారణ నేలలలో ఆ పనిని మట్టే చేస్తుంది.

నేల స్వభావం

రేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం ఎక్కువ. ఇది తడిసినపుడు ఉబ్బి మట్టి రంధ్రాలను మూసివేస్తుంది, ఎండినపుడు కుంచించుకొని నేల నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో గుంతలో పోసిన నీరు నెర్రెల గుండా త్వరగా పోయి, నేల బాగా ఇంకించుకొంటున్నట్లు భ్రమ కలుగుతుంది. అదే గుంత వర్షాకాలంలో పొంగి, మురుగు నేలపైకి, బావులలోకి చేరవచ్చు. టైఫాయిడ్, కామెర్లు, అతిసారం వంటి వ్యాధులు ఇలా వ్యాపించగలవు.

ఇంకుడు పరీక్ష

మట్టిని ముందుగా బాగా నానబెట్టి, అది ఉబ్బిన తరువాతనే ఈ పరీక్ష చేయాలి. గుంతలో నీటిమట్టం 25 మి.మీ. తగ్గడానికి పట్టిన సమయాన్ని కొలుస్తారు. భారత ప్రమాణం ఐఎస్ 2470 (1985) ప్రకారం:

* 30 నిమిషాల లోపు: ఇంకుడు గుంత లేదా ఇంకుడు కందకం
* 30 నుండి 60 నిమిషాలు: ఇంకుడు కందకం
* 60 నిమిషాలు మించితే: నేలలో ఇంకించడానికి బదులు, నీరు కింది నుండి పైకి ప్రవహించే కంకర వడపోత గది వంటి ఏర్పాటు

ఇంకుడు గుంత, కందకాలు తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలి. వడపోతతో క్రిములన్నీ నశించవు కనుక ఆ నీటిని బావులలోకి, చెరువులలోకి వదలరాదు.

నిర్మాణం

* ఐదుగురు వాడే తొట్టికి 1.5 మీ. పొడవు, 0.75 మీ. వెడల్పు, 1 మీ. నీటిలోతు ఉండాలి. ఏటా మడ్డి తీయించాలి.
* ఉబ్బే మట్టి గోడలను నెట్టి పగుళ్ళు తెస్తుంది. కనుక అడుగున కాంక్రీటు వేసి, గోడల చుట్టూ తవ్విన రేగడికి బదులు ఉబ్బని మొరం నింపాలి.
* కందకాలను నేల తడిగా ఉన్నపుడు తవ్వరాదు. పార లేదా యంత్రం రాపిడికి బంకమట్టి మెత్తబడి పక్కలకు అలికినట్లు అంటుకొని రంధ్రాలను పూడ్చివేస్తుంది.
* వాడకానికి ముందు తొట్టిని నీటితో నింపి, కారుతున్నదేమో పరీక్షించాలి. భూగర్భ జలం పైకి వచ్చే చోట ఖాళీ తొట్టి తేలిపోయే ప్రమాదముంది.
* ఇంటికప్పు వాననీటిని తొట్టిలోకి మళ్ళించరాదు.

నిర్వహణ

తొట్టిలో చేరే హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను వాయువుల వలన, ప్రాణవాయువు కొరత వలన లోపలికి దిగినవారు నిమిషాలలో మరణించవచ్చు. 2013 నాటి కేంద్ర చట్టం, తగిన రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషులను సెప్టిక్ టాంకులోకి దించి శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. మడ్డిని పంపు అమర్చిన వాహనంతోనే తోడించాలి.