కార్గిల్ నేర్పిన పాఠం: డీఐఏ పుట్టుక

1999 మే మొదట్లో కార్గిల్ ప్రాంతంలోని బటాలిక్ కొండల మీద కొత్తవాళ్లు తిరుగుతున్నారని మన సైన్యానికి కబురు చెప్పింది అక్కడి పశువుల కాపరులు. శత్రువు అప్పటికే శిఖరాలెక్కి బంకర్లు కట్టుకున్నాడు. వాళ్లను దించడానికి జూలై నెలాఖరు దాకా పట్టింది. 527 మంది ప్రాణాలిచ్చారు. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య వారిలో ఒకరు.

జూలై 29న కేంద్రం కె.సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా కమిటీ వేసింది. దాని నివేదికలో ఒక సంగతి చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. కార్గిల్‌కు ఎదురుగా నియంత్రణ రేఖ అవతల సాగుతున్న కదలికల గురించి ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతి 1998 జూన్‌లోనే, అంటే దాదాపు ఏడాది ముందే, లేఖ రాశారు. అది ప్రధానికి చేరింది, హోంమంత్రికి చేరింది, సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్‌కూ చేరింది. ‘రా’ అధిపతికి, సంయుక్త నిఘా కమిటీ చైర్మన్‌కు, సైనిక నిఘా డైరెక్టర్ జనరల్‌కు మాత్రం నేరుగా వెళ్లలేదు. ఆ కబురును తూచి చూడాల్సింది వాళ్లే!

సైన్యానికి 1941 నుంచీ సొంత నిఘా విభాగం ఉంది. నౌకాదళానికీ వైమానిక దళానికీ ఎవరిది వారికే. మూడింటి సమాచారాన్నీ ఒకచోట పెట్టి చదివే వ్యవస్థ మాత్రం లేదు. ఆ లోటు పూడ్చాలని ఎల్.కె. అద్వానీ నాయకత్వంలోని మంత్రుల బృందం 2001లో సిఫార్సు చేసింది. 2002 మార్చిలో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ, మన వాడుకలో డీఐఏ, ఏర్పడింది. లెఫ్టినెంట్ జనరల్ కమల్ దావర్ మొదటి డైరెక్టర్ జనరల్.

ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే కేంద్రం, శత్రువు సంకేతాలను వినే సిగ్నల్స్ ఇంటెలిజెన్స్ విభాగం దీని కిందికి వచ్చాయి. విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల్లో పనిచేసే రక్షణ అటాషేలు పంపే సమాచారమూ ఇక్కడికే వస్తుంది. సంస్థ త్రివిధ దళాల ఉమ్మడి ప్రధాన కార్యాలయంలో భాగం. 2020లో చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి వచ్చాక ఆ కార్యాలయం ఆయన కిందికి చేరింది.

అయితే మూడు దళాల సొంత నిఘా విభాగాలు రద్దు కాలేదు, వేటికవే నడుస్తున్నాయి. రోజువారీ పోరాట అవసరాలకు అవి కావలసిందే. కానీ ఒక దళం చేతికందిన కబురు మిగతా రెండింటికీ సకాలంలో చేరుతోందా లేదా అన్నదే డీఐఏ పనితీరుకు అసలు కొలమానం. ఎన్ని ఉపగ్రహాలున్నాయన్నది ఆ తర్వాతి మాటే.