సోషల్ వర్క్ పీజీకి ముందు డిగ్రీ సబ్జెక్టుల ఎంపిక (కర్నూలు, కడప)

ఎంఎస్‌డబ్ల్యూ అంటే సోషల్ వర్క్‌లో రెండేళ్ల పీజీ. ఏ డిగ్రీ పాసైనవారైనా ఇందులో చేరవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి పీజీ ప్రవేశాలు ఏపీ పీజీసెట్ ద్వారా జరుగుతున్నాయి. తొలి ఏడాది ఆ పరీక్షను నిర్వహించింది కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమే. సీమలో ఈ చదువుకు పాత చిరునామాలు అనంతపురం, తిరుపతి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఇది గ్రామీణాభివృద్ధితోనూ, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జనాభా అధ్యయనంతోనూ కలిసి ఒకే శాఖగా ఉంది. ముందుగా ఏ విషయాలపై కాస్త పట్టు ఉంటే మేలో ఆ జతలను చూస్తేనే తెలుస్తుంది.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి సోషల్ వర్క్ డిగ్రీకి మారేవారు సైకాలజీ, సోషియాలజీ, స్టాటిస్టిక్స్, మానవ జీవశాస్త్రం వంటివి ముందే పూర్తిచేస్తారు. అవి లేకపోతే చాలాచోట్ల మార్పు ఆలస్యమవుతుంది. మన దగ్గర అలాంటి షరతు లేదు. అందుకే ఎవరూ ఆలోచించరు. ఇంటర్ ఫలితాలు రాగానే నెట్ సెంటర్‌లో కూర్చుని, ఊళ్లో నలుగురూ పెట్టిన బీకాం కంప్యూటర్సే వెబ్ ఆప్షన్లలో మొదట పెట్టేస్తారు. సోషల్ వర్క్ మాట మూడేళ్ల తర్వాత గాని గుర్తుకు రాదు.

డిగ్రీ పథకం తరచూ మారుతోంది. 2015లో సీబీసీఎస్ (ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్) వచ్చింది, 2023-24లో సింగిల్ మేజర్ మొదలైంది. మూడు సబ్జెక్టుల హెచ్‌ఈపీ గ్రూపులో హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ మూడూ సమానంగా అందేవి. మేజర్ ఒక్కటే అయ్యాక ఆ వెడల్పు తగ్గి, మైనర్‌కు ప్రాధాన్యం పెరిగింది. ఎకనామిక్స్ మేజర్ తీసుకున్నవారు కాలేజీలో దొరికితే సోషియాలజీనో సైకాలజీనో మైనర్‌గా పెట్టుకోవడం మంచిది. బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) విద్యార్థులకూ దారి మూసుకుపోలేదు. ఆసుపత్రుల్లో, మానసిక ఆరోగ్య రంగంలో పనిచేయాలనుకునేవారికి జీవశాస్త్రం అక్కరకొస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే ఎంఎస్‌డబ్ల్యూ మీద రెండేళ్ల ఎంఫిల్ కూడా ఉండాలి. పిల్లల రంగంలో 2015 బాలల న్యాయ చట్టం సోషియాలజీ, చైల్డ్ సైకాలజీ, న్యాయశాస్త్రం వంటి డిగ్రీలను పేర్కొంటుంది. 2020 సిలబస్‌లో ఆర్ట్స్ విద్యార్థులకు ఇచ్చిన నైపుణ్య కోర్సుల్లో 'సోషల్ వర్క్ మెథడ్స్' కూడా ఉండేది. స్టాటిస్టిక్స్ అంటే ఆర్ట్స్ పిల్లలకు భయం. కానీ పీజీలో పరిశోధన పేపరు మొదలయ్యేసరికి అందరూ తడబడేది అక్కడే.

డిగ్రీలో సబ్జెక్టుల కంటే విలువైనది, అందరూ తేలిగ్గా తీసుకునేది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. నాలుగు క్రెడిట్లు, 180 గంటలు. సామాజిక ఆర్థిక సర్వే, అవగాహన కార్యక్రమం, లాగ్‌బుక్, చివర రిపోర్టు. సీనియర్ల రిపోర్టు తెచ్చి ఊరి పేరు మార్చి ఇచ్చేవారూ ఉంటారు. నిజంగా చేస్తే ఎంఎస్‌డబ్ల్యూ ఫీల్డ్ వర్క్‌కు ఇంతకన్నా మంచి తయారీ లేదు. కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు ఊళ్లలో వానలు ముఖం చాటేసిన ఏడాది కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి, గుంటూరు మిరప తోటలకో బెంగళూరు కట్టడాలకో. సర్వే ఫారం పట్టుకుని వెళితే వరుసగా తాళాలే. 'ఇల్లు మూసి ఉంది' అని గీత కొట్టి పక్కింటికి పోవచ్చు. లేదా ఊళ్లో మిగిలిన ముసలమ్మను, తన దగ్గర బడి మానేసి ఉన్నదెవరు, రేషన్ ఎవరు తెస్తున్నారు, అప్పు ఎవరి దగ్గర చేశారు అని అడగవచ్చు. కడప వైపు రాజంపేట, రాయచోటి ప్రాంతంలో ఇదే ఫారం నింపితే కువైట్ వెళ్లిన తల్లుల పిల్లలు కనిపిస్తారు. పొదుపు సంఘాల గురించి రాయదలిస్తే కర్నూలు జిల్లాలోనే ఓర్వకల్లు ఉంది. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమానికి ఎంచుకున్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. మహిళా సంఘాలు అక్కడ అప్పుడే బలపడ్డాయి.

ఇల్లు వదల్లేనివారికి ఇగ్నో దూరవిద్యలో బీఎస్‌డబ్ల్యూ, ఎంఎస్‌డబ్ల్యూ రెండూ ఉన్నాయి. వాటిలోనూ ఫీల్డ్ వర్క్ తప్పదు.

ద్వితీయ భాష గురించి ఎవరూ చెప్పరు. మార్కులు పడతాయని సంస్కృతం తీసుకోవడం ఇంటర్ నుంచీ అలవాటు. కర్నూలు పాతబస్తీలోనూ కడపలోనూ ఉర్దూ మాట్లాడే ఇళ్లు వేలల్లో ఉన్నాయి, ఆదోని వైపు కన్నడం నడుస్తుంది. ఈ రంగంలోకి రావాలనుకునేవారికి సంస్కృతం మార్కుల కన్నా ఉర్దూ ఎక్కువ పనికొస్తుంది.