ఏడాకుల పాల నీడలో బడి

కలకత్తా జొరాసాంకో ఇంట్లో శ్యామ్ అనే నౌకరు చిన్నారి రవీంద్రుణ్ణి గదిలో కూర్చోబెట్టి చుట్టూ సుద్దముక్కతో గీత గీసేవాడు. దాటితే ముప్పేనని బెదిరింపు. రామాయణం విన్న పిల్లాడు కదా, సీతమ్మకు ఏమైందో తెలుసు. కదలకుండా కిటికీలోంచి కొలనునీ మర్రిచెట్టునీ చూస్తూ పూట గడిపేవాడు. తర్వాత ఎన్ని బళ్లు మార్చినా ఒక్కటీ ఒంటబట్టలేదు.

1873లో, పదకొండేళ్లప్పుడు, తండ్రి దేవేంద్రనాథ్ వెంట బోల్‌పూర్ వెళ్లాడు. 1863లో ఆయన తీసుకున్న ఇరవై బిఘాల మెట్టనేల అది. అక్కడి ఏడాకుల పాల చెట్ల కింద ఆయన ధ్యానం చేసుకునేవారు. బెంగాలీలో ఆ చెట్టు ఛాతిమ్, ఆ చోటు ఛాతిమ్‌తలా. పిల్లాడు మాత్రం వాన కోసేసిన ఎర్రమట్టి గండ్లలో రాళ్లేరుకుంటూ తిరిగాడు. అవి తెచ్చి చూపిస్తే తండ్రి కసురుకోలేదు, మెచ్చుకున్నారు. శాంతినికేతన్ బడికి పునాదిరాళ్లు అవేనేమో!

1901 డిసెంబరు 22న రవీంద్రుడు ఆ నేలమీదే ఐదుగురు పిల్లలతో బడి మొదలుపెట్టాడు. వాళ్లలో ఒకడు సొంత కొడుకు రథీంద్రనాథ్. చెట్టు కింద బడికి ఖర్చేముంటుంది అనుకుంటాం. భార్య మృణాళినీదేవి నగలు, పూరీలోని ఇల్లు దానికే పోయాయి.

పిల్లలు ఎవరి ఆసనం వాళ్లు చంకన పెట్టుకుని వస్తారు. మామిడితోపులోనో మరో చెట్టు కిందో అయ్యవారి చుట్టూ కూర్చుంటారు. వానొస్తే పాఠం ఆగిపోతుంది. మనం చులకనగా అనే వానాకాలం చదువు అక్కడ నిజంగానే వానదయ. ఒకసారి ఓ కుర్రాడు కొమ్మల పంగలో కూర్చుని చదువుకుంటుంటే, క్రమశిక్షణకు పేరుమోసిన ఓ హెడ్మాస్టరు చూసి చిరాకుపడ్డాడట. కుర్చీకీ కొమ్మకీ మధ్య ఎంచుకునే వీలు బాల్యంలోనే ఉంటుందని రవీంద్రుడు ఆయనకు నచ్చజెప్పాల్సి వచ్చింది. మన రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి కూడా శాంతినికేతన్‌లో చదువుకున్నవాళ్లే.

1921లో అక్కడే విశ్వభారతి విద్యాసంస్థ వచ్చింది. స్నాతకోత్సవంలో పట్టాతో పాటు ఏడాకుల పాల ఆకుల గుత్తి చేతికివ్వడం అక్కడ ఆనవాయితీగా ఉండేది. 2023లో శాంతినికేతన్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

దేవేంద్రనాథ్ కూర్చున్న నాటి చెట్లు ఇప్పుడు లేవు. ఆ చోటే మళ్లీ ఛాతిమ్ మొక్కలు నాటి పెంచారు. వాటి చుట్టూ కంచె ఉంది. చూడటానికి వెళ్లినవాళ్లు ఆ గీత దాటకూడదు.