ఆమ్ల వర్షాలు – ఎత్తైన పొగగొట్టాలు: ఒక చారిత్రక పరిశీలన

ఆమ్ల వర్షాన్ని ఇరవయ్యో శతాబ్దపు సమస్యగా భావించడం పరిపాటి. నిజానికి దీన్ని గుర్తించింది పందొమ్మిదో శతాబ్దంలోనే. స్కాట్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1852లో మాంచెస్టర్ పరిసరాల వాననీటిని పరీక్షించి, నగరానికి చేరువయ్యేకొద్దీ అందులో ఆమ్లత్వం పెరుగుతున్నదని నిరూపించారు. 1872 నాటి తన గ్రంథంలో 'ఆమ్ల వర్షం' అనే పదబంధాన్ని వాడారు. తెలిసిన ఈ సత్యం విధానంగా మారడానికి వందేళ్లు ఎందుకు పట్టిందన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

బొగ్గు, చమురు మండినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో ఆక్సీకరణం చెంది, సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలుగా మారి వానతో నేలకు చేరతాయి. అయితే 1863 నాటి బ్రిటిష్ ఆల్కలీ చట్టం సోడా కర్మాగారాల హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువుకే పరిమితమైంది. ఆ చట్టం అమలుకు తొలి తనిఖీ అధికారి స్మితే అయినా, బొగ్గు పొగ ఆయన అధికార పరిధిలో లేదు.

1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన విషపు పొగమంచు వేలమందిని బలిగొన్నది. ఫలితంగా 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. విద్యుత్ కేంద్రాలకు మరింత ఎత్తైన పొగగొట్టాలు లేచాయి. నగరాల గాలి తేటపడింది. కానీ గంధకం నశించలేదు, గాలివాటున సరిహద్దులు దాటింది. స్థానిక పరిష్కారమే పొరుగుదేశాల సమస్య అయింది.

స్వీడన్ నేలల శాస్త్రవేత్త స్వాంటే ఓడెన్ 1967లో ఈ సంబంధాన్ని ప్రజల ముందుంచారు. దక్షిణ స్కాండినేవియాలో గ్రానైట్ శిలలపై పరుచుకున్న పలుచని నేలల్లో ఆమ్లాన్ని తటస్థీకరించే సున్నం తక్కువ. అందువల్ల కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోయి నేల నిస్సారమైంది. కరిగిన అల్యూమినియం సరస్సుల్లో చేరి చేపల మొప్పలను దెబ్బతీసింది.

1972 స్టాక్‌హోమ్ సదస్సులో స్వీడన్ ఈ అంశాన్ని లేవనెత్తింది. 1979లో జెనీవా ఒప్పందం కుదిరింది. గంధక ఉద్గారాలను 1980 స్థాయి నుంచి 1993 నాటికి కనీసం 30 శాతం తగ్గించాలన్న 1985 నాటి హెల్సింకి ఒడంబడికపై బ్రిటన్ సంతకం చేయలేదు. 1994 నాటి ఓస్లో ఒడంబడికకు మాత్రం అంగీకరించింది. తర్వాత ఐరోపాలో గంధక ఉద్గారాలు బాగా తగ్గినా, నేలలు, సరస్సులు మాత్రం నెమ్మదిగానే కోలుకుంటున్నాయి.

ఈ జాప్యానికి శాస్త్రజ్ఞాన లేమి కారణం కాదు. చట్టం కంటికి కనిపించే పొగనే చూసింది. ఆ పొగ అదుపులోకి వచ్చేసరికి, పొగ వదిలేవారు ఒక దేశంలో, నష్టపోయేవారు మరో దేశంలో ఉన్నారు. కాలుష్యాన్ని దూరంగా పంపడాన్నే నివారణగా లెక్కించే ఏ విధానానికైనా ఈ చరిత్ర ఒక హెచ్చరిక.