బొలెన్ పందులు

1882 నవంబరు. దక్షిణ ఫ్రాన్సులో, రోన్ నది లోయలో ఉన్న బొలెన్ ఊళ్లో పందుల దొడ్లు ఖాళీ అవుతున్నాయి. నిన్న కుడితి తొట్టె దగ్గర కుమ్ములాడిన పంది ఇవాళ మూల పడి లేవదు. ఒళ్లు కాలిపోతుంటుంది. చెవుల మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు లేచి ఊదారంగుకు తిరుగుతాయి. ఇక ఎన్నాళ్లో బతకదు.

పారిస్ నుంచి ముగ్గురొచ్చారు. పక్షవాతంతో ఎడమ చెయ్యి సరిగా ఆడని లూయీ పాశ్చర్, కొడుకు వరసయ్యే కుర్రాడు ఆద్రియన్ ల్వార్, ఇరవై ఆరేళ్ల లూయీ త్యూలియే. ఊరి పశువైద్యుడి ఇంట్లోనే దిగారు. లోకం పాశ్చర్ పేరే చెప్పుకుంటుంది గానీ, ఆ మార్చిలో చచ్చిన పందుల్లో ఈ జబ్బు తెచ్చే సూక్ష్మజీవిని పట్టుకున్నవాడు త్యూలియే.

దాన్ని కుందేలుకు ఎక్కించారు. ఆ కుందేలు నుంచి ఇంకో కుందేలుకు, దాన్నుంచి మరోదానికి. పోనుపోను కుందేళ్లను చంపడంలో ఆరితేరింది, పందుల దగ్గర మాత్రం కోరలు పీకిన పామైంది. అదే టీకా అయింది; అది ఎక్కించిన పంది కాస్త నలతపడి లేచేది. పావురాల గుండా పంపితే అంతా తలకిందులు, పందులకు మరింత ప్రాణాంతకం!

సరే, టీకా పట్టినట్టు తెలిసేదెలా? రక్తంలో యాంటీబాడీలుంటాయని అప్పటికెవరికీ తెలియదు. టీకా వేసిన పందికీ, వెయ్యనిదానికీ అసలు క్రిమినే ఎక్కించి, ఏది నిలబడుతుందో చూడటమొక్కటే దారి. కర్కశమైన పరీక్షే. అంతకన్నా నమ్మదగ్గది లేదు మరి.

మరుసటి ఏడు కలరా పరిశోధనకని త్యూలియే ఈజిప్టు వెళ్లాడు. సెప్టెంబరు 19న అలెగ్జాండ్రియాలో ఆ కలరాకే బలయ్యాడు. పోటీ జర్మన్ బృందం నాయకుడు రాబర్ట్ కాక్ పుష్పగుచ్ఛాలతో అంత్యక్రియలకు వచ్చాడు. పందుల టీకా పత్రం నవంబరు 26న పారిస్ అకాడమీకి చేరింది, పాశ్చర్, త్యూలియే ఇద్దరి పేర్లతోనూ.

ఇప్పుడైతే టీకా పట్టిందో లేదో తెలుసుకోవడానికి పంది మెడ దగ్గర కాస్త రక్తం తీసి, ఎలైసా పరీక్షలో యాంటీబాడీల మోతాదు చూస్తారు. ఆ అంకె పెద్దదైనంత మాత్రాన రైతు నిశ్చింతగా ఉండలేడు. పందిపిల్లల్లో అది తల్లి ముర్రుపాలతో వచ్చినదీ కావచ్చు. అది తగ్గకముందే సూది వేస్తే టీకా సరిగా పట్టదు. అందుకే పిల్లలు కాస్త ఎదిగేదాకా ఆగుతారు.