ముత్తాత ముంచిన ఓడ

ఘుగ్గుస్ ఇంట్లో మనందరికీ తెలిసిన కథే ఇది. ముత్తాత బొగ్గుబాయి పనికి రాకముందు వాల్తేరులో హార్బరు పని చేశాడట. అక్కడ దొరలు ఓడలో రాళ్లు నింపి సముద్రంలో ముంచేశారట, ఆ రాళ్లు మోసినవాళ్లలో తానూ ఉన్నాడట. ఆయన ఈ మాట చెప్పినప్పుడల్లా ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు. ఓడని ఎవడైనా కావాలని ముంచుకుంటాడా? చుట్టాల్లో కొందరు ఇప్పటికీ "మనది కరీంనగర్ వైపు. ముసలాయన సముద్రం చూసిందీ లేదు, పాడూ లేదు" అంటారు.

మొన్న చలికాలంలో మేమిద్దరం రెండు బ్యాగులు వీపున వేసుకుని ఐదు రోజులు విశాఖపట్నం తిరిగొచ్చాం. మాలో ఒకరు ఘుగ్గుస్‌లోనే పుట్టి పెరిగారు. ఇది రాస్తున్నది రెండోవాళ్లం: కన్నడ మీడియం చదువు, సాఫ్ట్‌వేర్ టెస్టింగు ఉద్యోగం. తెలుగులో తప్పులుంటే పెద్దవాళ్లు దిద్దండి. బయల్దేరే ముందు మామయ్య "బీచ్‌లు తిరగండి, కాదన్ను. ఆ ఓడ సంగతి కూడా కాస్త కనుక్కుని రండి" అన్నాడు. ఆయనకి మోకాళ్లు సహకరిస్తే మాకంటే ముందే బ్యాగు సర్దుకునేవాడు.

బల్లార్షాలో రైలెక్కి వరంగల్, విజయవాడ మీదుగా వెళ్లాం. దిగాక చేసిన మొదటి పని 900కె బస్సెక్కడం. రైల్వే స్టేషను నుంచి భీమిలి దాకా దాదాపు సముద్రాన్ని పట్టుకునే పోతుంది ఆ బస్సు. బోర్డులన్నీ కన్నడ కళ్లతోనే చదివాం. తలకట్టు దగ్గర కాస్త తడబాటు, మిగతాదంతా మన అక్షరాలే. రుషికొండలో ఒక పూట నీళ్లలో ఆడాం. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూశాం. బట్టల వ్యాపారానికని వచ్చి ఇక్కడే మట్టిలో కలిసినవాళ్లు వాళ్లు. 1825లో ఆ ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. యారాడ చాలా అందమైన బీచ్, కానీ అక్కడ నీళ్లలోకి దిగొద్దు, కింద లాగేస్తుంది.

సాయంత్రాలు ఆర్కే బీచ్‌లోనే గడిచాయి. ఒడ్డున నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది, 2002 నుంచి మ్యూజియం. లోపల నడవాలంటే తల వంచాల్సిందే. భూగర్భ గనిలో దిగిన మామయ్యకైతే కొత్తగా ఉండదేమో. బయటికొస్తే మురీ మిక్చర్, బజ్జీలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, రాత్రి పొద్దుపోయేదాకా జనం. ఒక రాత్రి పబ్‌కి కూడా వెళ్లాం. చెప్పకుండా దాచడమెందుకు? పాటల హోరులో ఒకరి మాట ఒకరికి వినపడక గంటలో బయటపడి, గోడ మీద కూర్చుని అలలు విన్నాం.

ఆ గోడకి దగ్గర్లోనే, పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. మర్నాడు పొద్దున అక్కడ జపాన్ విమానాలు వేసిన బాంబు ఒకటి చూశాం. 1942 ఏప్రిల్ 6. ముందురోజు ఈస్టర్ ఆదివారం నాడు జపాన్‌వాళ్లు కొలంబో మీద దాడి చేశారు. సోమవారం నాడు బంగాళాఖాతంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖలో హార్బరు ప్రాంతానికి దెబ్బ తగిలింది. జనం పిల్లాజెల్లాతో ఊరొదిలి పారిపోయారు. మేం రాత్రుళ్లు దీపాల వెలుగులో తిరిగిన ఊరు ఆ రోజుల్లో దీపం వెలిగించడానికి భయపడింది. ముత్తాత వాల్తేరు వదిలింది "బాంబుల ఏడు" అని ఇంట్లో చెప్పుకుంటాం కదా, ఆ ఏడు ఇదే.

అయితే ఓడ మాట ఇంకా తేలలేదు. మా ఉద్యోగంలో ఎవరి మాటనీ ఊరికే నమ్మకూడదు, అలాగని ఊరికే కొట్టిపారేయకూడదు. ఏం జరగాలి, నిజానికి ఏం జరిగింది అని రెండు గడులు గీసుకుంటాం. పోర్టు చరిత్ర తిరగేస్తే రెండో గడి నిండింది. విశాఖ హార్బరుకి మొదటి ఓడ జలదుర్గ 1933 అక్టోబరు 7న వచ్చింది. హార్బరు నోటి దగ్గర అలల జోరు తగ్గించడానికి రెండు పాత ఓడల్ని అడ్డుగా ముంచి, రాళ్లతో కట్ట కట్టారు. ముత్తాత కోతలు కోయలేదు! పాత ఓడని మంచి ఓడ అన్నాడేమో, అంతే. రాళ్లు మోసే కూలీకి ఏ ఓడైనా మంచి ఓడే కదా.

నాలుగో రాత్రి నిద్రపోకుండా, తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకి వెళ్లాం. మాకైతే ఈ ఊరి అసలు రాత్రి సందడి అక్కడే ఉందనిపించింది. బోట్లు వచ్చి ఆగుతుంటే కోనాలు, చందువలు, రొయ్యలు సిమెంటు నేల మీద కుప్పలు పోస్తున్నారు. పాటల్లో ఆడవాళ్ల గొంతే పెద్దది. వాళ్ల తెలుగు సగమే అర్థమైంది. అందులో "ఏటి" అన్న మాట విని మాలో ఘుగ్గుస్ మనిషి నిలబడిపోయింది. వాళ్ల నాయనమ్మ "ఏమిటి" అనేది కాదట, "ఏటి" అనేదట. పిల్లలు వెక్కిరించేవాళ్లట.

ఇది రుజువు కాదని తెలుసు. ముత్తాత పేరున్న కూలీల పట్టీ ఏదీ మా చేతికి రాలేదు. కానీ దారి మాత్రం ఉంది. కాజీపేట, బల్లార్షాల మధ్య రైలు పట్టాలు 1929కే కలిశాయి. బొగ్గు పనికోసం వాల్తేరు నుంచి చాందా జిల్లాకి వచ్చే మనిషికి 1942లో రైలుకేం కొదవ లేదు.

వచ్చేటప్పుడు కావాలనే వేరే దారి పట్టాం: రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్, నాగ్‌పూర్. 1931లో పూర్తయిన ఈ లైనూ ఆ హార్బరూ ఒకదాని కోసం ఒకటి కట్టినవి. సముద్రం లేని సెంట్రల్ ప్రావిన్సెస్‌ నుంచి మాంగనీసు ఖనిజం ఓడలకెక్కించడానికే అంత ఖర్చు పెట్టారు. మన చాందా జిల్లా అప్పుడు ఆ ప్రావిన్సెస్‌లోదే. చిన్నప్పట్నుంచీ మనకి ఆ సముద్రంతో ఏ సంబంధమూ లేదనుకున్నాం.

యారాడ కొండ మీద నుంచి హార్బరు నోరు కనిపించినప్పుడే మామయ్యకి వీడియో కాల్ చేశాం. సిగ్నల్ ఆగి ఆగి వస్తోంది. ఓడల సంగతి చెప్పాం. ఆయన చాలాసేపు ఆ నీళ్లకేసే చూశాడు.

"రాళ్లే నింపారా?"

"రాళ్లే, మామయ్యా."

"మా తాత కూడా రాళ్లనే చెప్పేవాడు" అని, అత్తయ్యని ఫోను దగ్గరికి పిలిచాడు.